ఫ్యాషన్ ప్లేట్ చేతికిస్తే రీజెన్సీ గౌను కుట్టిస్తారా? చిన్నబజారు లేడీస్ టైలర్ మీద మా రివ్యూ

నెల్లూరు చిన్నబజారులో బట్టల కొట్ల వెనక సందులో, మెట్లెక్కి పైకి పోవాల్సిన ఒక టైలరు దుకాణం గురించి ఈ రివ్యూ. బోర్డు మీద ‘లేడీస్ టైలర్’ అన్న మాట తప్ప ఇంకో పేరు లేదు. పెళ్లి జాకెట్లు, ప్రిన్సెస్ కట్, బుట్ట చేతులు వాళ్ల రోజువారీ పని. మేం కుట్టించింది అవి కాదు. స్టేజీ నాటకానికని 1813 ప్రాంతపు, అంటే రీజెన్సీ అని పిలిచే కాలపు ఇంగ్లీషు ఆడవాళ్ల దుస్తులు కుట్టించాం. గౌను లోపల రొమ్మును ఎత్తి, బిగించి పట్టే గట్టి లోబట్టని కార్సెట్ అంటారు. అలాంటిది ఒక పొడుగుది, ఒక పొట్టిది, వాటి మీదికి రెండు గౌన్లు. మాస్టరు చేతికిచ్చింది ఆ కాలపు ఫ్యాషన్ ప్లేట్ల, అంటే పత్రికల్లో వచ్చిన దుస్తుల బొమ్మల ప్రింట్లు, కొలతల కాగితం, ఒక ఆది జాకెట్టు.

ముందే చెప్పేస్తాం. కార్సెట్లకి ఈ దుకాణానికి ధైర్యంగా పోవచ్చు. గౌను వీపు భాగం చక్కగా కుట్టారు. గౌను ముందు భాగం మాత్రం దగ్గరుండి చెప్పుకోకపోతే పెళ్లి జాకెట్టయి తిరిగొస్తుంది. ఆ తేడా ఎక్కడ వస్తుందో తెలిస్తే ఈ దుకాణంలోనే కాదు, ఒంగోలులోనో కావలిలోనో మీకు అలవాటైన జాకెట్ల మాస్టరు దగ్గర కూడా ఈ పని చేయించుకోవచ్చు.

తేడా అంతా ప్లేటును చదవడంలో ఉంది. ఫ్యాషన్ ప్లేట్ అంటే రాగి రేకు మీద చెక్కి, అచ్చేసి, తర్వాత చేత్తో రంగులు వేసిన బొమ్మ. లండన్‌లో అకర్‌మన్ 1809 నుంచి నడిపిన రిపాజిటరీ, 1806లో మొదలైన లా బెల్ అసాంబ్లే, పారిస్ నుంచి 1797లో మొదలైన జూర్నాల్ దే దామ్ ఎ దే మోద్, ఈ మూడింటి ప్లేట్లే ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎక్కువ దొరుకుతాయి. బొమ్మ అందంగా ఉంటుంది కాబట్టి దాన్నే కొలతపట్టీ అనుకుంటారు. కాదు. అందులో ఆడమనిషి తల నుంచి పాదం దాకా ఎనిమిదిన్నర, తొమ్మిది తలల పొడవుంటుంది. నిజం మనుషులు ఏడు, ఏడున్నర తలలు. ఆ పెంచిన పొడవులో ఎక్కువ భాగం నడుం కింద, కాళ్లలోకి పోతుంది. అందుకే బొమ్మలో లంగా భాగం చూసి నడుం కుట్టు ఎక్కడుండాలో లెక్క కడితే తప్పుతుంది.

మా లెక్క చేతిని బట్టి. ప్లేటును ఎ3 సైజులో ప్రింటు తీయించి, బొమ్మలో భుజం కొన నుంచి మోచేతి దాకా స్కేలుతో కొలవండి. నడుం కుట్టు ఆ పొడవులో ఎన్నో వంతు దగ్గర పడిందో చూడండి. నాలుగింట మూడు వంతుల దగ్గర పడిందనుకుందాం. వేసుకునే మనిషికి భుజం కొన నుంచి మోచేతికి 13 అంగుళాలుంటే, నడుం కుట్టు భుజం కొన నుంచి 9¾ అంగుళాల కిందికి వస్తుంది. బొమ్మ గీసేవాళ్లు కాళ్లను సాగదీసినంతగా పై చేతిని సాగదీయరు కాబట్టి ఈ లెక్క దాదాపు కుదురుతుంది. కుదిరిందో లేదో కార్సెట్ వేసుకున్నాకే తేలుతుంది. ఉత్త ఒంటి మీద రొమ్ము కింది గీత ఒకచోట ఉంటే, కార్సెట్ బిగించాక అది అంగుళం, కొందరికి అంగుళంన్నర పైకి పోతుంది. గౌను కొలతలు కార్సెట్ మీదే తీయాలని మేం మొండికేసేది ఇందుకే. ప్లేటులో గుండ్రంగా, ఎత్తుగా, రెండు పక్కలకీ విడివిడిగా కనబడే రొమ్ము ఆకారం గౌనుది కాదు, లోపలున్న కార్సెట్‌ది. గౌను దాని మీద పరిచిన పల్చని గుడ్డ, అంతే.

ఈ మాట చెప్పేసరికి మాస్టరు మొదట అడిగిన ప్రశ్న బాగుంది. ప్రింటు మీద వేలు పెట్టి, “ఈమెకి రొమ్ము కింద నుంచి నేరుగా కిందికే పోయింది గదమ్మా, ఇంక డాట్ ఏడ పెట్టేది?” అన్నారు. డాట్, అంటే ఆకారం కోసం గుడ్డ మడిచి వేసే కుట్టు, ఇందులో లేదు. 1800 నుంచి 1820 దాకా పల్చని మస్లిన్ గౌన్లలో ముందు భాగానికి ఆకారం ఎక్కువగా కుచ్చులతోనే వస్తుంది. మెడ దగ్గర ఒక నాడా, నడుం దగ్గర ఒక నాడా, రెండూ లాగితే మధ్యలో గుడ్డ రొమ్ము మీద తనంతట తాను సర్దుకుంటుంది.

ప్లేటులో ఏ గీత దేనికి గుర్తో మాస్టరుకి చెప్పడానికి మేం ప్రింటు మీద ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి ఇచ్చాం. మీరూ అట్లాగే చేయండి. మెడ అంచు వెంట సన్నటి చిన్న చిన్న నిలువు గీతలుంటే అక్కడ నాడా ఉన్నట్టు. నడుం కుట్టు నుంచి పైకి విసనకర్రలాగా విచ్చుకున్న గీతలు కుచ్చులు. భుజం పట్టీ నుంచి కిందికి ఏటవాలుగా దిగే గీతలుంటే గుడ్డ అక్కడ లాగి పట్టినట్టు, అంటే ముందు ముక్క క్రాస్‌లో, పోగుకి ఏటవాలుగా కోసి ఉండొచ్చు, లేదా ఒకదాని మీదికి ఒకటి వచ్చే ముందు భాగం కావచ్చు. ఆ రెండో రకంలో కుడి పైన వస్తుందా ఎడమ పైన వస్తుందా అన్నది ప్లేటు చూసి తేల్చకండి. ఒక పత్రికలో వచ్చిన బొమ్మను ఇంకో పత్రిక వాళ్లు చూసి చెక్కుకుంటే అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. రంగు కూడా ఒక్కో కాపీకి ఒక్కోలా ఉంటుంది, చేత్తో వేసిందే కదా.

ప్లేటుతోపాటు ఆ పత్రికలో ఒక పేరా వర్ణన ఉంటుంది. దాన్ని ప్రింటు తీయకుండా బొమ్మ ఒక్కటే తెచ్చుకుంటే సగం పని వదిలేసినట్టే. గుడ్డ ఏమిటో అక్కడే రాసి ఉంటుంది. మస్లిన్, కేంబ్రిక్, శాటిన్ అని. బొమ్మలో ఒకేలా కనబడే రెండు గౌన్లలో మస్లిన్‌ది కుచ్చుల పని, శాటిన్‌ది కోత పని. అకర్‌మన్ పత్రిక తొలి సంవత్సరాల సంచికల్లో అసలు గుడ్డ ముక్కలే అంటించి ఇచ్చేవాళ్లు. వాటి స్కాన్లు దొరికితే నేత ఎంత పల్చనో కళ్లారా తెలుస్తుంది.

ప్లేటు సాధారణంగా చూపించనివి మూడు. వీపు, కుట్లు, లోపలి బట్టలు. వాటికి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్లలో ఉన్న అసలు గౌన్ల, కార్సెట్ల ఫొటోలు పక్కన పెట్టుకోవాలి. పైసా ఖర్చు లేదు. ప్లేటు తేదీకి ఐదారేళ్లు అటూ ఇటూ ఉన్న బట్ట ఎంచుకోండి. ఎందుకంటే నడుం గీత ఆ కాలంలో ఒకచోట నిలవలేదు. 1816, 1817 నాటికి ఎక్కగలిగినంత పైకెక్కి, 1820 తర్వాత మెల్లగా దిగుతూ 1820ల రెండో సగానికి మామూలు నడుం దగ్గరికి వచ్చేసింది. 1813 ప్లేటుకి 1825 గౌను వీపు అతికిస్తే చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఏమిటో చెప్పలేరు.

ఇక కుట్టు సంగతి. మొదట పొడుగు కార్సెట్.

దీనికి రెండు పొరల గట్టి నూలు గుడ్డ కావాలి. మేం తెల్ల కాటన్ డ్రిల్ మీటరున్నర కొన్నాం. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి మరీ ఇవ్వండి. డ్రిల్ నిలువు పోగు వెంట బాగా కుదించుకుపోతుంది. కుట్టాక కుదిస్తే ముందు మధ్యలో నిలువుగా పెట్టే చెక్క బద్ద గుడ్డ దాటి బయటికి పొడుచుకొస్తుంది. ముక్కలు తక్కువే. ముందు రెండు, వెనక రెండు, భుజం పట్టీలు రెండు, రొమ్ముకి ఒక్కో వైపు రెండేసి ముక్కోణపు కలీలు, తుంటికి ఒక్కో వైపు ఒకటో రెండో కలీలు. చుట్టుకొలత ఒంటి కొలత కంటే 2 అంగుళాలు తక్కువ ఉండాలి. వెనక తాడు బిగించాక రెండు అంచుల మధ్య అంగుళంన్నర, 2 అంగుళాల ఖాళీ ఉంటేనే బిగింపు నిలుస్తుంది. అంచులు కలిసిపోయేలా కుట్టిస్తే వేసుకున్న గంటకే వదులవుతుంది.

జాకెట్ల టైలర్లందరూ తడబడేది రొమ్ము కలీ దగ్గరే. ముందు ముక్కలో పై అంచు నుంచి కిందికి 4 అంగుళాల దాకా నిలువుగా చీలిక పెట్టి, అందులో పైన 2½ అంగుళాల వెడల్పు, కింద మొన ఉండే కలీ కుట్టాలి. ఒక్కో వైపు రెండు చీలికలు. చీలిక కింది మొన దగ్గర కుట్టుకి లోపలి గుడ్డ ఏమీ మిగలదు. అక్కడే పోగులు జారి, బిగించిన మొదటి రోజే చిరుగుతుంది, లేదా ముడత పడుతుంది. దానికి మందు ఇది. చీలిక కత్తిరించక ముందే మొన ఉండే చోట వెనకవైపు నాణెమంత క్రాస్ గుడ్డ ముక్క పెట్టి చిన్న కుట్టుతో దగ్గర దగ్గరగా కుట్టాలి. తర్వాత చీలిక కోయాలి, మొనకు ఒక పోగు దూరంలో ఆగాలి. కలీ ఎక్కించాక మొన మీద కాజా కుట్టుతో అడ్డంగా నాలుగైదు పోగులు బిగించాలి. ఈ దుకాణంలో మొదటి కార్సెట్‌కి ఇది చెప్పకపోయినా మాస్టరు మొనకి గుడ్డ ముక్క వేశారు. పట్టు జాకెట్ల చంక దగ్గర ఇదే చేస్తామని చెప్పారు. ఈ చేతివాటం ఉన్నవాళ్లకి మిగతాది నేర్పడం కష్టం కాదు.

చీలిక మొన రొమ్ము కింది గీత మీద పడాలి. అంగుళం కిందికి పడితే రొమ్ము ఎత్తుకోదు, కలీలోకి జారి కూర్చుంటుంది. పైకి పడితే మెడ మీదుగా పొంగుతుంది. కలీలు మరీ వెడల్పయితే రొమ్ము చంకల వైపు పోతుంది, ప్లేటులోని ఆకారం రాదు.

కార్సెట్ గట్టిగా నిలవడానికి లోపల పెట్టే బద్దల్ని ఎముకలంటారు. వాటికి బదులు ఆ కాలంలో ఎక్కువ భాగం తాళ్లే వాడారు. రెండు పొరల మధ్య నూలు తాడు పెట్టి, దాని రెండు పక్కలా కుట్టు వేసుకుంటూ పోతే గుడ్డ గట్టిపడుతుంది, కానీ వంగుతుంది. పైపింగ్ వేసే సింగిల్ ఫుట్‌తో ఈ పని తేలిగ్గా అవుతుంది. ఒక జాగ్రత్త ఉంది. ప్రతి తాడూ కొంత గుడ్డను మింగుతుంది. ముక్క కోసి తాడు కుట్టితే ముక్క చిన్నదైపోతుంది. ముందు పెద్ద గుడ్డ మీద తాళ్లు కుట్టి, ఆ తర్వాత నమూనా పెట్టి కోయాలి. ఇది మాస్టరుకి రెండు సార్లు చెప్పండి. కట్టింగ్ మీద కూర్చున్న మనిషి అలవాటు కొద్దీ ముందే కోసేస్తారు. తాడు కూడా ఉడకబెట్టి ఆరేసిందే ఇవ్వాలి. వెనక కాజాల పక్కన మాత్రం ఒక్కో వైపు ఒక గట్టి బద్ద కావాలి, లేకపోతే తాడు లాగినప్పుడు అంచు ముడుచుకుంటుంది. 8 మిల్లీమీటర్ల వెడల్పు కేబుల్ టై కత్తిరించి, కొసలు నునుపుగా అరగదీసి పెట్టాం. ఎలక్ట్రికల్ కొట్లో దొరుకుతుంది, చెమటకి తుప్పు పట్టదు.

ముందు మధ్యలో పెట్టే చెక్క ఈ కార్సెట్‌కి ప్రాణం. రెండు రొమ్ముల మధ్య గుడ్డను లోపలికి ఒంటికి ఆనించి పట్టేది అదే. ప్లేటులో కనబడే విడివిడి ఆకారం దానివల్లే వస్తుంది. స్కూలు పిల్లల చెక్క స్కేలు పొడుగు కార్సెట్‌కి చాలదు. వడ్రంగి చేత టేకు చెక్క 13 అంగుళాల పొడవు, పైన అంగుళంన్నర, కింద అంగుళంపావు వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందంతో చేయించండి. మూలలు గుండ్రంగా, అంచులు గరుకు కాగితంతో నునుపుగా ఉండాలి. కుర్చీలో కూర్చుని చూడాలి. కింది కొస తొడ మడతకి రెండు వేళ్ల పైన ఆగాలి. అంతకంటే పొడవైతే కూర్చున్న ప్రతిసారీ చెక్క పైకి తన్ని గడ్డం కింద గుచ్చుతుంది. ముందు హుక్కులతో తెరుచుకునే రేకు బిగింపు కావాలా అని దుకాణంలో అడుగుతారు. వద్దనండి. ముందు రెండుగా తెరుచుకునే లోహపు బిగింపు 1829లో వచ్చింది. రీజెన్సీ పొడుగు కార్సెట్ వెనక తాడుతోనే.

ఆ తాడు దూరే కాజాల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ దుకాణం విలువంతా అక్కడుంది. గుడ్డకి లోహపు ఐలెట్లు, అంటే తాడు దూరే రింగులు కొట్టడం 1820ల చివర్లో గాని రాలేదు. అంతకు ముందువి అన్నీ చేతి కాజాలే. ఇక్కడ కాజాలు కుట్టే ఆమె కిటికీ పక్కన చాప మీద కూర్చుని పనిచేస్తారు. కత్తెర ముట్టుకోరు. సబ్బు ముక్కతో గుర్తు పెట్టిన చోట దబ్బనం గుచ్చి, తిప్పుతూ తిప్పుతూ పోగుల్ని పక్కకి జరుపుతారు. ఒక్క పోగు తెగదు. బెజ్జం పెన్సిలు మందానికి రాగానే మైనం రాసిన బటన్ దారంతో చుట్టూ ఇరవై దాకా కుట్లు బిగిస్తారు. మధ్య మధ్య మళ్లీ దబ్బనం దూర్చి బెజ్జం ముడుచుకుపోకుండా సర్దుతారు. పోగులు తెగని కాజా ఎంత లాగినా చిరగదు. కత్తెరతో కోసి కుట్టిన కాజా పదిసార్లు బిగించేసరికి విచ్చుకుంటుంది. వీపు పొడవు 14 అంగుళాలుంటే ఒక్కో వైపు 15, మొత్తం 30 కాజాలు. తాడు ఒక్కటే, మెలిక తిరుగుతూ పైకి పోతుంది కాబట్టి కాజాలు ఎదురెదురుగా ఉండకూడదు. మొదటి జత, చివరి జత మాత్రం ఎదురెదురు, మధ్యవి ఒక వైపు కంటే ఇంకో వైపు అరంగుళం పైకి జరిపి ఉండాలి. ఎదురెదురుగా పెట్టి ఒకే తాడు మెలికగా వేస్తే ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి పోయి కార్సెట్ వంకరగా కూర్చుంటుంది. గుర్తులు మీరే పెట్టి ఇవ్వండి.

దుకాణం వాళ్లు చేయబోయి మేం ఆపినవి రెండున్నాయి. ఒకటి, లోపల ఫ్యూజింగ్ కాన్వాస్ అంటించడం. మన ఎండలకి చెమట పట్టి ఆ జిగురు బుడగలు లేస్తుంది, గాలి ఆడదు. రెండు, రొమ్ము దగ్గర స్పాంజి కప్పులు కుట్టడం. కప్పు ఆకారం ఇప్పటిది, ముందుకి మొన తేలుతుంది. ప్లేటులోది కింద నుంచి ఎత్తినట్టు, పైన నిండుగా ఉండే ఆకారం. కప్పులుంటే కలీలు పనిచేయవు.

పొట్టి కార్సెట్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. రొమ్ము కింద మూడు, నాలుగు అంగుళాల దగ్గర ఆగిపోతుంది. కలీల పని అంతా అదే. ముందు నాడాలతో కట్టుకునే రకం కుట్టించాం, చెక్క స్కేలు ముక్క దీనికి సరిపోయింది. నాటకంలో గబగబా బట్టలు మార్చుకోవాల్సిన వాళ్లకి ఇదే మేలు. రొమ్ము బరువుగా ఉన్నవాళ్లకి పొట్టిది ఆనదు, కింది అంచు పైకి చుట్టుకుంటుంది. వాళ్లకి పొడుగుదే కుట్టించండి. రెంటి కిందా మల్‌మల్ షిఫ్ట్ తప్పనిసరి. నైటీలాంటిదే, చంకలో చదరపు ముక్క వేసి వదులుగా కుట్టిస్తే చాలు. చెమట అది పీల్చుకుంటుంది, కార్సెట్ మాటిమాటికీ ఉతకాల్సిన పని తప్పుతుంది. షిఫ్ట్ మెడ గౌను మెడ కంటే అంగుళం కిందికి ఉండేలా చూసుకోండి.

గౌను దగ్గరికి వస్తే, వీపు. ఎక్కువ ప్లేట్లలో కనబడదు గానీ ఆ కాలపు గౌను మొత్తంలో కుట్టు నేర్పు కనబడేది అక్కడే. వెనక ముక్క భుజాల దగ్గర వెడల్పుగా మొదలై, నడుం దగ్గరికి వచ్చేసరికి రెండు సగాలూ కలిపి 3 అంగుళాలకి సన్నబడుతుంది. పక్క కుట్టు చంక మధ్యలో మొదలై వంపు తిరిగి వీపు మధ్యకి దిగుతుంది. భుజం కుట్టు భుజం మీద ఉండదు, అంగుళంన్నర వెనక్కి జరిగి వీపు మీద పడుతుంది. దాంతో చేతులు కూడా వెనక్కి కుట్టినట్టవుతాయి, వేసుకున్న మనిషి భుజాలు తమంతట తాము వెనక్కి పోతాయి. ప్లేటుల్లో అందరూ ఛాతీ విరుచుకుని నిలబడినట్టు కనబడేది కొంత ఈ కోత వల్లే. ఆది జాకెట్టు వీపు వెడల్పు పెట్టి కోస్తే ఇది రాదు. రెండు చంకల మధ్య వెడల్పును ఆది కంటే ఒక్కో వైపు ముప్పావు అంగుళం తగ్గించాలి. ప్రిన్సెస్ కట్ వంపులు రోజూ కుట్టే చేతులు కాబట్టి ఆ వంపు కుట్టు ఒక్క ముడత లేకుండా వచ్చింది. వంపు దగ్గర లోపలి గుడ్డకి చిన్న గాట్లు పెట్టి, ఒక్కో ముక్కకీ లైనింగు విడిగా వేసి, లోపల చేత్తో ఎమ్మింగ్ చేసి ఇచ్చారు. బుట్ట చేతికి కుచ్చులు మాత్రం అలవాటుగా సరిగ్గా భుజం మీద గుత్తిగా పెట్టారు. వాటిని వెనక్కి జరపమని ట్రయల్‌లోనే చెప్పాలి.

ముందు భాగంలో వచ్చిన చిక్కు ఇది. మేం అడిగింది ముందు నుంచి దిగే రకం. అంటే లోపల రెండు లైనింగు రెక్కలు రొమ్ము మీదుగా వచ్చి మధ్యలో పిన్నులతో బిగుస్తాయి. దాని మీదికి లంగా ముందు భాగంతో కలిసి ఉన్న ఒక చిన్న ముక్క పైకి లేచి భుజం పట్టీల దగ్గర పిన్నులతో ఆగుతుంది. లంగాకి రెండు పక్కలా 9, 10 అంగుళాల చీలికలు, నడుం నాడాలు వెనక్కి పోయి కట్టుకోవడం. ప్లేటులో ముందు తెరుచుకునే గుర్తేమీ లేకుండా, భుజం దగ్గర చిన్న చుక్కలా గుండీయో పిన్నో ఉంటే ఈ రకం అనుకోవచ్చు. మాస్టరు దీన్ని విని, చూసి, తల ఊపి, చివరికి పక్కన జిప్ పెట్టి, పై ముక్కను అలంకారంగా కుట్టేశారు. పైగా రొమ్ము కింద రెండు డాట్లు వేశారు. చూడ్డానికి బిగువుగా, నీటుగా ఉంది, కానీ ప్లేటులోని గౌను కాదు. డాటు వేసిన చోట కుచ్చు నిలవదు, గుడ్డ రొమ్ముకి అతుక్కుపోతుంది. జిప్ ఉన్నచోట పల్చని మస్లిన్ గట్టిపడి పక్కన గీతలా కనబడుతుంది. చెబితే మారు మాట లేకుండా విప్పి మళ్లీ కుట్టారు, కూలి అదనంగా అడగలేదు. అది వాళ్ల మంచితనం. విప్పిన చోట సూది బెజ్జాలు మాత్రం మిగిలిపోయాయి.

అందుకని ఈ రకం గౌనుకి కోరా గుడ్డతో ట్రయల్ కుట్టించకుండా అసలు గుడ్డ కోయనివ్వకండి. మొదటిసారి చేయించేవాళ్లకి వెనక తెరుచుకునే రకమే మేలు. మెడకి ఒక నాడా, నడుంకి ఒక నాడా వెనక కట్టుకోవడం, మధ్యలో రెండు హుక్కులు. ఇది దుకాణంలో తేలిగ్గా అర్థమైంది, రెండో గౌను మొదటిసారికే సరిపోయింది.

గుడ్డ విషయంలో మన ప్రాంతం వాళ్లం అదృష్టవంతులం. ప్లేట్ల వర్ణనల్లో ఇండియా మస్లిన్ అని రాసింది చదివి విదేశాల్లో ఈ దుస్తులు కుట్టేవాళ్లు ఆన్‌లైన్‌లో వెతుక్కుంటారు. మనకి వెంకటగిరి ఉంది. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయినా నెల్లూరు నుంచి పోయి రావడానికి దూరం కాదు. 100 కౌంటు సన్నటి నూలుతో నేసిన వెంకటగిరి తెల్ల చీర ఐదున్నర మీటర్లు ఒక గౌనుకి సరిపోతుంది. లంగా కింది చుట్టుకొలత రెండున్నర మీటర్లు, పొట్టి చేతులు, పై భాగం పోగా ఇంకా కొంచెం మిగులుతుంది. సన్నటి అంచున్న చీరయితే అంచును కింద వచ్చేలా అడ్డంగా వేసుకోవచ్చు. అంచు గుడ్డను గౌను కింది భాగానికి వాడుకోవడం ఆ కాలంలోనూ ఉంది. జరీ పెద్దగా లేనిది చూసుకోండి. కోవూరు పక్కన పాటూరు నేత చీరలు కూడా చూశాం, అవి కాస్త బరువు. పగటి పూట గౌనుకి పనికొస్తాయి.

కొత్త చీర గంజి మీద ఉంటుంది. ఆ గంజితోనే గౌను కుట్టిస్తే కుచ్చులు గొడుగులా నిలబడతాయి, మనిషి లావుగా కనబడుతుంది. రెండు మూడు నీళ్లు మార్చి గంజి పూర్తిగా పోయేదాకా నానబెట్టి ఉతికాక గాని ప్లేటులోలాగా గుడ్డ కాళ్ల మీదికి జారదు. పల్చన కాబట్టి లోపల తెల్ల కాటన్ పెటీకోటు ఉండాలి. నడుం దగ్గర కట్టుకునేది కాదు. చీర లంగా నాడా మామూలు నడుం దగ్గర బిగిస్తే గౌను మీద ఆ గీత కనబడి మొత్తం ఆకారం చెడుతుంది. భుజం పట్టీలున్న పెటీకోటు, రొమ్ము కింద నుంచి మొదలయ్యేది కుట్టించండి. సింథటిక్ లైనింగు వేస్తే చవకగా వస్తుందని దుకాణంలో అంటారు, ఒప్పుకోకండి. స్టేజీ లైట్ల కింద ఒళ్లు ఉడికిపోతుంది, పైగా మస్లిన్ దానికి అంటుకుపోతుంది.

కూలి సంగతి. పొడుగు కార్సెట్‌కి 2,400, పొట్టిదానికి 1,300 రూపాయలు తీసుకున్నారు. చేతి కాజాకి విడిగా 10 రూపాయలు, అది తక్కువే. ఆ పనికి మేం ఎక్కువ ఇచ్చాం, మీరూ ఇవ్వండి. గౌను కుట్టుకూలి 1,500, కోరా ట్రయల్‌కి 300. వడ్రంగి చెక్క, గుడ్డ, తాళ్లు మీవి. ముహూర్తాల రోజుల్లోనూ శ్రావణ మాసంలోనూ ఇవ్వకండి. పెళ్లి జాకెట్ల కింద మీ పని అడుగున పడిపోతుంది, ట్రయల్ లేకుండా హడావుడిగా కుట్టేస్తారు. మిగతా రోజుల్లో కార్సెట్‌కి రెండు వారాలు, అది చేతికొచ్చాక గౌనుకి ఇంకో రెండు వారాలు పెట్టుకోండి. రెండూ ఒకేసారి ఇస్తే గౌను కొలత ఉత్త ఒంటి మీదే తీస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

కొలతలిచ్చేటప్పుడు ఆది జాకెట్టు చంక రౌండుకి, చేతి లూజుకి మాత్రమే పనికొస్తుంది. మిగతావి కార్సెట్ బిగించుకుని, షిఫ్ట్ మీద, నిలబడి తీయించుకోవాలి. రొమ్ము చుట్టు, రొమ్ము కింది చుట్టు, మెడ గుంట నుంచి నడుం కుట్టు దాకా ముందూ వెనకా, చంక నుంచి చంకకి వీపు, నడుం కుట్టు నుంచి చీలమండ దాకా. దుకాణంలో కొలతలు తీసేది ఆడమనిషే, తెర కట్టిన చిన్న గది ఉంది. తాడు బిగించడానికి తోడు ఒకరిని తీసుకుపోండి.

కార్సెట్ ఉతికేటప్పుడు చెక్క బయటికి తీసి, గోరువెచ్చటి నీళ్లలో చేత్తో నలిపి, పిండకుండా నీడలో పరిచి ఆరేయాలి. మెషీన్‌లో వేస్తే తాళ్లు ముడుచుకుని కలీలు వంకర పోతాయి. చెక్క జేబు కింది మూతి కుట్టేయకుండా రెండు కాజాలు పెట్టి నాడాతో కట్టుకునేలా చేయమని ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పండి. మా రెండిట్లో ఒకటి కుట్టేసి ఇచ్చారు, ఉతకాలన్నప్పుడల్లా విప్పుకోవాల్సి వస్తోంది.